గింజ వేస్తే మొలవట్లేదా? పెరట్లో కూరగాయలు గింజ నుంచి పెంచే పద్ధతి

“మా చేతికి మొక్క రాదండీ” అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. నర్సరీ నుంచి తెచ్చి నాటిన వంగ మొక్క బతుకుతుంది, కాయలూ కాస్తుంది. అదే గింజలు కొనుక్కొచ్చి వేస్తే పదిహేను రోజులైనా కుండీలో మట్టే కనిపిస్తుంది. హస్తవాసి లేదని పేరు పెట్టేసి ఊరుకుంటాం. నేనూ రెండేళ్లు అలాగే ఊరుకున్నాను. తీరా చూస్తే ఆ హస్తవాసి అంతా నీళ్ల చెంబులో ఉంది. ఎన్ని పోస్తున్నాం, ఎలా పోస్తున్నాం, ఎప్పుడు ఆపుతున్నాం అన్నదాంతోనే సగం పంట తేలిపోతుంది.

మాది ఖమ్మం. ఇంటి వెనక పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున కాస్త మట్టి జాగా ఉంది. మేడ మీద ఇరవై దాకా కుండీలు, పాత పెయింటు బకెట్లు ఉన్నాయి. గింజ పడిన రోజు నుంచి నాలుగైదు ఆకులు తొడిగేదాకా ఉండే నాలుగు నుంచి ఆరు వారాలే గండం. అది గడిస్తే మొక్క తన సంగతి తాను చాలావరకు చూసుకుంటుంది. అందుకే ఆ రోజుల గురించే ఇక్కడ ఎక్కువ చెప్తాను.

ముందు ఎండ చూసుకోండి

గింజలు కొనకముందే చేయాల్సిన పని ఇది. ఒక ఆదివారం పొద్దున ఎనిమిదికి, పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుక్కి మీ పెరడునో బాల్కనీనో ఫోన్లో ఫొటో తీయండి. ఏ మూలకి ఎన్ని గంటలు ఎండ పడుతోందో తెలిసిపోతుంది. టమాటా, వంగ, మిరప, బెండ, బీర, సొర లాంటివాటికి రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. మూడు నాలుగు గంటలే వస్తుంటే దిగులు అక్కర్లేదు, తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా పెట్టుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలతాడు కాబట్టి, ఇంటికి ఉత్తరం వైపున్న జాగాలో జూన్‌లో పడిన ఎండ డిసెంబర్‌లో పడదు. మా ఇంటి వెనక భాగం ఉత్తరమే. అందుకే చలికాలం టమాటాలన్నీ మేడ ఎక్కిస్తాను.

ఏ నెలలో ఏ గింజ

గింజ మంచిదే, మట్టి మంచిదే, నెల తప్పు. ఇలా పాడైన పంటలు నా లెక్కలో చాలా ఉన్నాయి. మన దగ్గర కూరగాయలకు మూడు అదనులు ఉంటాయి.

మొదటిది మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతం. రోహిణి కార్తె ఎండలకి కాలిపోయిన నేల తొలకరితో చల్లబడగానే బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, దోస, గోంగూర నేరుగా వేసేయొచ్చు. వంగ, మిరప, టమాటా నార్లు కూడా జూన్, జూలైల్లో పోసుకోవచ్చు.

రెండోది సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఎండ చంపదు, వాన ముంచదు. టమాటా, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ ఇప్పుడే. బెండ మాత్రం చలిలో మొలవడానికి మొండికేస్తుంది, దాన్ని వదిలేయండి.

మూడోది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి. బెండ, దోస, బీర, సొర, గోరుచిక్కుడు వేస్తే మే నెల ఎండ ముదిరేలోపు కాపు చేతికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా గింజ వేయకండి. మా ఊళ్లో మేలో 43, 44 డిగ్రీలు మామూలే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. మనం మందు కోసం తిరుగుతాం గానీ, దానికి మందు లేదు.

పందిరి చిక్కుడు సంగతి విడిగా చెప్పాలి. నాటు రకాలు పగటిపొద్దు తగ్గితేనే పూస్తాయి. జూలై, ఆగస్టుల్లో పెడితే చలికాలమంతా కాస్తుంది. ఫిబ్రవరిలో పెడితే పందిరి నిండా ఆకులు తప్ప కాయ కనపడదు. నేను అలా ఒక తీగను ఏడు నెలలు మేపాను.

గింజలు కొనేటప్పుడు

ప్యాకెట్ ముందు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, మొలకశాతం, లాట్ నంబరు ఉండాలి. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలకశాతం టమాటా, వంగలకు 70, బెండకు 65, మిరప, బీర, సొర, కాకరలకు 60. అంటే మంచి ప్యాకెట్లోనైనా పది మిరప గింజలు వేస్తే నాలుగు మొలవకపోవచ్చు. అది మీ తప్పు కాదు, ముందే నాలుగు ఎక్కువ వేసుకోవాలి. ఒకసారి ఒక కొట్లో లేబుల్ చెరిగిపోయిన ప్యాకెట్లు సగం ధరకి ఇస్తుంటే ఆశపడి తెచ్చాను. నలభై క్యాప్సికం గింజల్లో ఒక్కటీ లేవలేదు. ఆ సగం ధరకి నెల రోజులు పోయాయి.

పేరు ముందు ‘అర్కా’ అని ఉంటే బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రకం, ‘పూసా’ అని ఉంటే ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రకం. మిరపలో ‘ఎల్‌సీఏ’ అని మొదలయ్యేవి గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవి. బెండలో అర్కా అనామికను, ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేశారు, పెరటికి బాగుంటుంది. వంగలో భాగ్యమతి మన తెలుగు నేల మీద తయారైన పాత రకమే. ప్యాకెట్ మీద ‘ఎఫ్1’ అని ఉంటే హైబ్రిడ్. అది బాగానే కాస్తుంది, కానీ దాని గింజలు దాచి మళ్లీ వేస్తే తల్లి మొక్క లాంటివి రావు. నా సలహా, మొదటి ఏడాది ఒకటి రెండు హైబ్రిడ్లు వేసుకున్నా మిగతావి నాటువే తెచ్చుకోండి.

గింజలు గులాబీ రంగులోనో పచ్చ రంగులోనో మెరుస్తుంటే వాటికి శిలీంధ్రనాశిని మందు పట్టించారని అర్థం. చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకి అందనివ్వకండి. ధనియాలు, మెంతులు మాత్రం కొననక్కర్లేదు. పోపుల డబ్బాలోవి మరీ పాతవి కాకపోతే చక్కగా మొలుస్తాయి.

ఇంట్లో పాత గింజలు ఉంటే పారేయకముందు ఒక పరీక్ష చేయండి. తడిపి పిండిన నూలుగుడ్డలో పది గింజలు పరిచి, మడిచి, మూతున్న డబ్బాలో వంటింట్లో వెచ్చగా పెట్టండి. గుడ్డ ఆరనివ్వకండి. బెండకు వారం, మిరపకు రెండు వారాలు చూడండి. పదిలో ఏడు పైన మొలిస్తే మామూలుగా వేసుకోండి, నాలుగు అయిదు అయితే రెట్టింపు వేయండి, రెండు మూడైతే మొహమాటం లేకుండా పారేయండి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మకండి. టమాటా, వంగ గింజలు పొడిగా, చల్లగా దాస్తే మూడు నాలుగేళ్లైనా మొలుస్తాయి.

మట్టి రెండు రకాలు కలుపుకోండి

గింజ మొలవడానికి ఒక మట్టి, మొక్క పెరగడానికి ఇంకో మట్టి. రెండింటికీ ఒకటే వాడటం అందరూ చేసే తప్పు. పెరట్లో మట్టి తవ్వి కప్పులో నింపితే రెండు రోజులకి గట్టిపడి పైన పెంకు కడుతుంది. మిరప మొలక ఆ పెంకును పగలగొట్టుకుని రాలేదు.

నారు కోసం కోకోపీట్ రెండు వంతులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక వంతు. కోకోపీట్ ఇటుక లాంటి దిమ్మగా దొరుకుతుంది. బకెట్ నీళ్లలో వేస్తే గంటలో ఉబ్బి రాలిపోతుంది. దాన్ని అలాగే వాడకండి, కొబ్బరిపీచులో ఉప్పు ఉంటుంది. రెండుసార్లు నీళ్లు పోసి, గుడ్డలో వేసి పిండి వాడండి.

పెద్ద కుండీలకు ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు, కుండీకి గుప్పెడు వేపపిండి కలపండి. మీది నల్లరేగడి అయితే ఇసుక, ఎరువు ఎక్కువ కలపాలి, లేకపోతే ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. కలిపాక పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, బొటనవేలితో తడితే పొడిగా విడిపోవాలి. పచ్చి పేడ మాత్రం వేయకండి. అది మాగేటప్పుడు వేడి పుట్టి వేర్లు కాలతాయి, పైగా తెల్లటి లావుపాటి వేరుపురుగులు చేరతాయి.

కుండీ ఎంతది కావాలి? ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి టబ్బు చాలు. టమాటా, వంగ, మిరపకు పన్నెండు నుంచి పదిహేను అంగుళాలది మొక్కకొకటి. బీర, సొర, కాకరకు ఇరవై లీటర్ల పెయింటు బకెట్ కన్నా చిన్నది వద్దు. దేనికైనా అడుగున నాలుగైదు బెజ్జాలు తప్పనిసరి.

నారు పోసేవి, నేరుగా వేసేవి

టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి నారు పోసి, తర్వాత తీసి నాటేవి. బెండ, చిక్కుళ్లు, తీగజాతులు, ఆకుకూరలు పెరిగేచోటే వేయాలి. ముల్లంగి, క్యారెట్ అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ కదపకూడదు. పీకి నాటితే గడ్డ రెండు కాళ్లేసుకుని వంకరగా తయారవుతుంది.

గింజ వేసే రోజు

ముందురోజు రాత్రి నానబెట్టాల్సినవి నానబెట్టండి. బెండ, పాలకూర, మెంతులకు ఒక రాత్రి సరిపోతుంది. కాకర గింజ పెంకు మందం, గోళ్ల కత్తెరతో అంచు దగ్గర ఒక్క రవ్వ తుంచి నానేయండి. లోపలి పప్పు తెగకుండా చూసుకోండి. టమాటా, వంగ, మిరప, తోటకూర గింజలను నానబెట్టే పని లేదు.

ధనియాల దగ్గర చాలామంది ఓడిపోతారు. మనం గింజ అనుకునేది నిజానికి కాయ, దానిలో రెండు గింజలు ఉంటాయి. గుండ్రంగా అలాగే వేస్తే నెమ్మదిగా, కొన్ని మాత్రమే మొలుస్తాయి. ధనియాలను పాత గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి, చెప్పు అడుగుతోనో అప్పడాల కర్రతోనో మెల్లగా రుద్దండి. పటుక్కుమని చిన్న శబ్దం వస్తుంది, బద్దలు రెండుగా విడిపోతాయి. పొడి అయ్యేంత నొక్కొద్దు. ఆ బద్దలను ఒక రాత్రి నానబెట్టి వేస్తే ఎనిమిది పది రోజుల్లో పచ్చగా లేస్తాయి. మా అమ్మ ఇదే పని రోకలితో చేసేది, నాకా నేర్పు రాలేదు, నా రోకలికి ధనియాల పొడి తయారైంది.

నారు కోసం ట్రే కొననక్కర్లేదు. టీ తాగే కాగితం కప్పులు, పెరుగు డబ్బాలు చాలు, అడుగున పెన్సిల్‌తో బెజ్జం పెట్టండి. మిశ్రమాన్ని ముందే తడిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమగా ఉండగా నింపండి. పొడి మిశ్రమంలో గింజ వేసి పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ తేలి ఒక మూలకి చేరతాయి. చెంబుతో పోసిన నా మొదటి టమాటా నారు మొత్తం ట్రేలో ఈశాన్య మూలనే మొలిచింది. వాస్తు ప్రకారం బాగానే ఉంది గానీ, విడదీయడానికి వీల్లేకపోయింది.

లోతుకి ఒకే లెక్క, గింజ సైజుకి సుమారు రెండు మూడు రెట్లు. టమాటా, వంగ, మిరపకు పావు అంగుళం. బెండ, చిక్కుడు, బీర, సొర, కాకరకు అంగుళం. తోటకూర గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు, దానిని పూడ్చకూడదు. చెంచాడు గింజలకు గ్లాసుడు పొడి ఇసుక కలిపి ముగ్గు చల్లినట్టు చల్లి, అరచేత్తో ఒత్తి, పైన పలచగా జల్లించిన ఎరువు రాల్చండి. కప్పుకి రెండేసి గింజలు వేయండి. ప్రతి కప్పు మీదా పేరు, తేదీ రాయండి, మొలకలప్పుడు వంగకీ మిరపకీ తేడా పట్టుకోవడం కష్టం.

తోటకూర, గోంగూర గింజలకు చీమలే పెద్ద శత్రువులు. పొద్దున చల్లినవి సాయంత్రానికి వరసకట్టి మోసుకుపోతాయి. టబ్బు చుట్టూ కాస్త బొంబాయి రవ్వ చల్లండి. చీమలు ఆ పనిలో పడతాయి, ఈలోపు గింజ తడిసి వేరు దింపుతుంది. తోటకూరకు మూడు నాలుగు రోజులు గడిస్తే చాలు.

నీళ్లు, నీడ, మళ్లీ ఎండ

లీటరు నీళ్ల సీసా మూతకు వేడిచేసిన సూదితో పది పన్నెండు బెజ్జాలు పెట్టండి. సీసా నొక్కితే వాన జల్లులా పడుతుంది. ఇంతకన్నా మంచి పరికరం నేను చూడలేదు. గింజ మొలిచేదాకా పైమట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి. కప్పుల మీద న్యూస్‌పేపరో తడి గోనెసంచో కప్పితే రోజుకొక్కసారి చల్లితే సరిపోతుంది.

ఇక్కడే పొద్దునా సాయంత్రం చూడాల్సిన పని ఒకటి ఉంది. మొలక ముందు తలతో రాదు. మెడ వంచుకుని చిన్న వంకీలా మట్టిని ఎత్తుతుంది. ఒకటి రెండు కప్పుల్లో అలాంటి వంకీ కనిపించిందా, ఆ పూటే పైన కప్పిన పేపరో గోనెసంచో తీసేయాలి. మిగతావి కూడా మొలవనీ అని రెండు రోజులు ఆగితే, వెలుతురు కోసం సన్నగా, తెల్లగా సాగి పడిపోతాయి. సాగిపోయిన మొలక మళ్లీ గట్టిపడదు. మొలకలు లేచాక మొదటి వారం పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు, తర్వాత కొంచెం కొంచెం పెంచండి. కిటికీ గట్టు మీద పెడితే మొలకలన్నీ ఒక పక్కకే వాలతాయి, రోజూ తిప్పడం కన్నా బయట పెట్టడమే నయం.

మొలకలు వచ్చాక నీళ్ల పద్ధతి మార్చేయాలి, చాలామంది మార్చరు. ఇప్పుడు పైమట్టి కాస్త ఆరాకే నీళ్లు. వేలు గోరు దాకా గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూటకి వద్దు. నీళ్లు పొద్దున్నే పోయండి, రాత్రంతా తడిగా ఉండకూడదు. ఒక వానాకాలం సాయంత్రం నలభై టమాటా మొలకలు నిటారుగా నిలబడి ఉండగా చూసి మురిసిపోయి, ఇంకో విడత నీళ్లు కొట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ముప్పై దాకా నేలకొరిగి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, మొదలు దగ్గర మాత్రం కాండం నీరు పట్టి దారంలా నలిగిపోయింది. అదే నారుకుళ్లు. వచ్చాక చేసేదేమీ లేదు, చుట్టుపక్కల మట్టితో సహా తీసి పారేసి, మిగిలినవాటికి గాలి తగిలేలా పెట్టడమే. రాకుండా ఉండాలంటే మిశ్రమంలో కిలోకి రెండు చెంచాలు ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి కలపండి, మొలకలను ఒత్తుగా ఉంచకండి. కప్పులో రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. మొక్కని కత్తిరించడానికి మనసొప్పదు, నాకు తెలుసు. తోటకూరకైతే ఆ బాధ లేదు, పలచన చేసిన పిల్ల మొక్కలు పప్పులోకి వెళ్తాయి.

మొలిచే రోజులు ఇలా ఉంటాయి: మెంతి రెండు నుంచి నాలుగు, బెండ నాలుగు నుంచి ఆరు, టమాటా అయిదు నుంచి ఎనిమిది, బీర, సొర వారం, వంగ ఏడు నుంచి పది, మిరప ఎనిమిది నుంచి పద్నాలుగు, కాకర పది పన్నెండు. చలిలో ఇంకా నాలుగు రోజులు పట్టొచ్చు. ఈలోపు మట్టిని తవ్వి గింజ ఏమైందా అని చూడకండి. టెన్షన్ భరించలేక నేను తవ్విన ప్రతిసారీ అప్పుడే పగిలిన గింజ వేరు నా గోరుకి తెగింది.

నాటడం

మొదట వచ్చే రెండు ఆకులు నునుపుగా, జంటగా ఉంటాయి, అవి బీజదళాలు. వాటి తర్వాత నాలుగైదు నిజమైన ఆకులు వస్తే నాటొచ్చు. టమాటాకు 25 నుంచి 30 రోజులు, వంగకు 30 నుంచి 35, మిరపకు 35 నుంచి 40. ముదిరిన నారు నాటితే కోలుకోవడానికే కాలం పోతుంది.

సాయంత్రం అయిదు తర్వాత నాటండి. గంట ముందు కప్పుల్లో నీళ్లు పోస్తే మట్టి ముద్దతో సహా ఊడి వస్తుంది. కాండం పట్టుకుని లాగొద్దు, కప్పు చింపేయండి. వంగ, మిరప కప్పులో ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో పెట్టాలి. టమాటా మాత్రం కింది ఆకులు తుంచి, మొదటి కొమ్మ దాకా పూడ్చేయండి, పూడ్చిన కాండం పొడవునా వేర్లు పుడతాయి. సాగిపోయిన టమాటా నారును బతికించే ఉపాయం కూడా ఇదే. నాటాక చుట్టూ మెత్తగా ఒత్తి, నీళ్లు పోసి, మూడు రోజులు మధ్యాహ్నం ఎండ తగలకుండా ఏదైనా అడ్డం పెట్టండి. మొదటిరోజు తల వేలాడేస్తాయి, గాభరాపడి బకెట్ నీళ్లు పోసేయకండి.

మొదలు చుట్టూ ఎండుటాకులో వరిగడ్డో రెండంగుళాలు పరిచారంటే నీళ్లు బాగా మిగులుతాయి. నెలకి ఒకసారి కుండీకి రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్టు, పదిహేను రోజులకోసారి లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల పంచగవ్య (ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు, నెయ్యితో చేసేది). అంతకుమించి ఎరువుల పిచ్చి వద్దు. నత్రజని ఎక్కువైన టమాటా ఏపుగా పెరిగి ఆకులు చూపిస్తుంది, కాయలు చూపించదు. టమాటా కాయ అడుగు నల్లగా కుళ్లితే పురుగు అనుకుంటారు. అది ఒకరోజు ముంచి, మూడు రోజులు ఎండగట్టడం వల్ల కాల్షియం అందక వచ్చేది. నీళ్లు ఒక పద్ధతిలో పోస్తే తగ్గుతుంది.

బీర పూస్తోంది, పిందె రాలిపోతోంది

మేడ మీద తీగలు పెట్టినవాళ్లందరూ అడిగే ప్రశ్న. మొదటి పది పదిహేను రోజులు వచ్చేవి మగపూలే, రాలిపోతే కంగారు లేదు. ఆడపూవుకి వెనక చిన్న పిందె ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఆ పిందె పసుపెక్కి రాలిపోతోందంటే తేనెటీగ రాలేదని అర్థం. ఆ పని మనమే చేయాలి, కానీ వేళ ముఖ్యం. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటాయి. పొద్దున పదింటికి బీర తీగ దగ్గర బ్రష్ పట్టుకుని నిలబడితే లాభం లేదు.

సాయంత్రం ఆరున్నరకి వెళ్లండి. అప్పుడే విచ్చిన మగపూవును కాడతో తెంపి, రెక్కలు వెనక్కి వంచేస్తే మధ్యలో పసుప్పచ్చ పొడి కనిపిస్తుంది. వేలికి తాకించి చూడండి, అంటుకుంటే తయారైనట్టే. దాన్ని ఆడపూవు మధ్యలో ఉన్న మెత్తటి కీలాగ్రం మీద మూడు నాలుగుసార్లు మృదువుగా అద్దండి. మూడో రోజుకి పిందె కిందికి వాలి, ముదురు పచ్చగా, లావుగా అయితే నిలిచినట్టు. టమాటాకి ఇంత తతంగం అక్కర్లేదు, పొద్దున పూగుత్తిని వేలితో టకటకా తడితే దాని పుప్పొడి దానికే రాలుతుంది.

పురుగులు

వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడటమే సగం మందు. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. పేనుబంక, పిండినల్లి అయితే ముందు గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడురసం వేసి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి. బెండ ఆకు ఈనెలు పసుపెక్కి వలలా కనిపిస్తే పల్లాకు తెగులు, దాన్ని తెల్లదోమే తెచ్చింది. ఆ మొక్క కోలుకోదు, జాలిపడకుండా పీకేయండి. వంగలో కొనకొమ్మ వాడి వేలాడితే లోపల పురుగు ఉంది, వాడిన చోటుకి రెండంగుళాల కిందకి తుంచి నలిపేయండి. కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు. అవి వచ్చే వీధుల్లో కాకర, మిరప, ఆకుకూరలు పెట్టుకుని, టమాటా ఆశ వదులుకున్నవాళ్లని చూశాను.

వచ్చే ఏడాదికి గింజ

నాటు రకాలైతే మొదటి కాపులోనే మంచి మొక్కను ఎంచి, రెండు కాయలకు దారం కట్టి వదిలేయండి. దారం కట్టకపోతే ఇంట్లోవాళ్లు కోసేస్తారు. బెండకాయ మొక్క మీదే ఎండి, అంచులు పగలబోతుండగా కోయండి. మిరప, వంగ బాగా పండాక తీయండి. టమాటా గింజ చుట్టూ జిగురు ఉంటుంది, గుజ్జుతో సహా గ్లాసులో వేసి రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ప్లేటు మీద ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అంటుకుపోతుంది. సొర, గుమ్మడి గింజల్ని పేడముద్దలో అద్ది గోడకి కొట్టేవారు మా అమ్మమ్మ వాళ్లు. నేను బూడిదలో కలిపి గాజు సీసాలో పోస్తాను. బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే లోపల గింజలు గలగలలాడేటప్పుడు కోసి, అలాగే వంటింట్లో కొక్కేనికి వేలాడదీస్తే సరి.

సీసా మీద పేరు రాయడం మర్చిపోకండి. బీర గింజా, నేతిబీర గింజా రెండూ నల్లగా, బల్లపరుపుగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే బీర గింజ గరుకు, నేతిబీర గింజ నునుపు, కానీ ఒకటే చేతిలో ఉన్నప్పుడు ఆ తేడా ఎవరు చూస్తారు? పోయినేడు పేరు లేని సీసాలోంచి తీసి ఆరు గింజలు వేశాను. ఆరూ మొలిచాయి. పసుపు పూలు సాయంత్రం విచ్చాల్సింది పొద్దున్నే విచ్చుతుంటే అప్పుడైనా అనుమానం రావాలి, రాలేదు. దసరా దాకా మా ఇంట్లో నేతిబీర పచ్చడే.